మాదన్న మంత్రి - గోలకొండ పతనము

గోలకొండ రాజ్యచరిత్రమున నాంధ్రులకు మిక్కిలి పరిచితములైన పేరులు తానీషా, రామదాసు, అక్కన్నమాదన్నలు. వీరిలో మొదటి యిరువురను గూర్చి కథలు ప్రబలినవి. అన్నదమ్ములను గూర్చి నిందయు, స్తుతియు సమానముగా వ్యాపించినవి. ఒక పక్షమువారు మాదన్నను రాజ్యవినాశహేతువుగా దూషించిరి. మఱియొక పక్షమువా రాతనిని ధర్మోద్ధారకునిగా గొనియాడిరి. ఈ రెండభిప్రాయములును సమకాలికసాక్ష్యముల యెదుట నెంతవఱకు నిలుచునో పరిశీలింపవలసి యున్నది.

మాదన్న హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణకుటుంబమున జన్మించెననియు, తండ్రి పేరు భానోజీ పంతులనియు బ్రతీతి. కులీనుల యండ లేని యీతడు లేఖనగణనములయందలి నేర్పుచే రాజకీయోద్యోగమున బ్రవేశించి, సేనానాయకుడగు సయ్యదు ముజఫరు కడ కార్యదర్శి యయ్యెను. 1672లో అబ్దుల్లా కుతుబుషా మరణింపగా, పుత్రసంతానము లేకపోవుటచే నల్లుండ్ర నడుమ సింహాసనమునకై వివాదము పుట్టెను. పెద్దయల్లుడగు సయ్యదు అహమ్మదును ద్రోసిరాజని, ముజఫరు మున్నగువారు కడపటి యల్లుడగు అబుల్ హసనును బట్టము గట్టిరి. ఈ అబుల్ హసనే తెలుగువారి తానీషా. తాను నిలిపిన రాజు తన చెప్పుచేతలలో నుండవలెనని ముజఫరు తలచెను. రాజున కది దుస్సహమయ్యెను.

ఈ సంకటమే మాదన్న యభ్యుదయమునకు ద్వారము. ముజఫరు బల మాతని యనుచరులయందున్నదని యెఱిగిన మాదన్న, వారి నొక్కొక్కరిని రాజపక్షమునకు దిప్పెను. 1674లో ముజఫరు పదభ్రష్టుడు కాగా, మాదన్న మీర్ జుమ్లా పదవిని, సూర్యప్రకాశరావను బిరుదమును బొందెను. అన్నయగు అక్కన్నకును ఉన్నతాధికారము లభించెను. అది మొదలు పండ్రెండేండ్లు గోలకొండ పరిపాలన మీ సోదరుల చేతిలో నుండెను. అయినను ముజఫరును దించిన యుపాయమును మాదన్నకు యజమానద్రోహమని యెంచువారి మాటను బూర్తిగ ద్రోసివేయ వీలుగాదు.

మాదన్న పాలనమునకు గీటురాయి యర్థవ్యవహారము. గోలకొండలో రాజాదాయము చిరకాలమునుండి గుత్తపద్ధతిని వసూలగుచుండెను. అధికపు మొత్తమునకు బాడినవాడు సీమను గైకొని, గడువు తీరకమున్నే పెట్టుబడిని, లాభమును రైతులనుండి పిండుకొనుట యా పద్ధతి స్వభావము. పదునేడవ శతాబ్ది తొలిపాదమున మచిలీబందరున నున్న ఆంగ్లవర్తకుడు విలియం మెథ్వోల్డు దీనినే వర్ణించియున్నాడు. మాదన్న యీ గుత్తలను గుత్తగానే యుంచి, గుత్తదారులను మార్చెను. మునుపు పారసీక తురుష్క ప్రభువుల వశమున నున్న సీమలు పెక్కులు బ్రాహ్మణోద్యోగుల యధీనమయ్యెను. మేనల్లుడగు పొదిలె లింగన్న పూందమల్లి కేంద్రముగ గర్ణాటకము నేలెను. చెన్నపట్టణపు ఆంగ్లవర్తకులకును, ఈతనికిని వాటిల్లిన కలహములు వారి కోటలోని లేఖ్యములందు బెక్కుతావుల గానవచ్చును. మఱియొక బంధువు రుస్తుంరావు సైన్యమున నున్నతపద మందెను. కావున నీ మార్పువలన రాజునకు ధనము సమకూడెనేమో కాని, సేద్యగానికి భారము తగ్గెనని చెప్పుటకు నాధారము చాలదు. ధర్మోద్ధారకుడని పొగడువా రీ యంశమును గమనింపవలెను.

పరరాష్ట్రనీతియందు మాదన్న దూరదృష్టి స్పష్టము. ఉత్తరమున మొగలాయీలు, పశ్చిమమున క్షీణించుచున్న విజాపురము: వీని నడుమ గోలకొండ యొంటరిగ నిలువజాలదని యాత డెఱిగెను. 1677 ప్రారంభమున శివాజీ సైన్యసమేతుడై భాగ్యనగరమునకు వచ్చుట యీ నీతిఫలమే. తానీషా యాతని గౌరవించి, దినమునకు 3,000 హొన్నుల వ్యయమును, ఫిరంగిదళముతో గూడిన సహాయసైన్యమును నొసగెను. శివాజీ దక్షిణమునకు జని సెంజి, వేలూరు దుర్గములను సాధించెను గాని, యా భూములలో గోలకొండకు భాగమీయలేదు. ధనము గోలకొండది, దుర్గములు మహారాష్ట్రులవి యయ్యెను. అయినను మొగలాయీల ధాటి కడ్డుగట్ట నున్న యితరమార్గమును నిందకులెవ్వరును జూపలేదు.

ఇచట రామదాసు కథను దడవుట యవసరము. పాల్వంచ పరగణాకు దాసీలుదారగు కంచెర్ల గోపన్న మాదన్నకు మేనల్లుడనియు, మేనమామ ప్రాపున నుద్యోగము వడసెననియు, రాజధనముతో భద్రాద్రి దేవాలయమును గట్టించి పండ్రెండేండ్లు చెఱ ననుభవించెననియు సంప్రదాయము. మాదన్న ప్రభుత్వ మంతయు బండ్రెండేండ్లే. మాదన్న మంత్రియైన పిదప నుద్యోగమును, దాని పిదప నాలయనిర్మాణమును, ఆపైన బండ్రెండేండ్ల చెఱయు ననుకొన్నచో, విడుదల మాదన్న మరణానంతరమున, అనగా రాజ్యమే కూలుచున్న వేళ జరుగవలెను. కావున నుద్యోగము 1674కు ముందైన గావలెను, లేదా పండ్రెండేండ్ల లెక్క పౌరాణికసంఖ్య యైన గావలెను. భక్తుని కీర్తనలకు దీనివలన గొఱత లేదు. కాలనిర్ణయమునకు మాత్ర మా కథ ప్రమాణము గాజాలదు. అట్లే బెజవాడలో నింద్రకీలాద్రి పాదమున నున్న అక్కన్నమాదన్నల గుహలు శిల్పరీతినిబట్టి వీరికి దాదాపు వేయేండ్లకు బూర్వపువి. లోకము తాను మఱువనివారి పేరులను దొరకిన ఱాతికెల్ల దగిలించును.

ఇక పతనకథ. 1685లో ఔరంగజేబు విజాపురమును ముట్టడించుచు, గోలకొండ దానికి దోడ్పడునను శంకతో గుమారుడగు షా ఆలమును దండెత్తించెను. మలఖేడు ప్రాంతమున గొంతకాలము పోరు సాగెను. గోలకొండ సేనాధిపతి మీర్ మహమ్మదు ఇబ్రహీము అక్టోబరు నెలలో శత్రుపక్షమున జేరగా, తానీషా భాగ్యనగరమును విడిచి కోటలో దలదాచుకొనెను. నగరము దోపిడికి గుఱియయ్యెను. సంధినియమములలో బాకీపడిన కప్పము చెల్లించుట యొకటి, మలఖేడు, సేడము సీమల నొదలుట యొకటి, మాదన్నాక్కన్నలను దొలగించుట మఱియొకటి. తానీషా మొదటివాని కొడబడియు, మంత్రులను దొలగించుటకు మాత్రము నెలల తరబడి జాగుచేసెను. సోదరులే యీ కీడునకు మూలమని తలచిన ప్రభువులు, అంతఃపురమునందలి వృద్ధరాణుల ప్రోత్సాహమున, 1686 మార్చిలో నొక రాత్రి కోటవీథిలో వారిని జంపించిరి. రుస్తుంరావును బ్రాణములు గోలుపోయెను. బ్రాహ్మణుల యిండ్లు దోపుడుపోయెను. తలలు మొగలాయీ శిబిరమునకు గానుకగా బంపబడెను.

ఆ కానుక యేమి ఫల మిచ్చెను? 1686 సెప్టెంబరున విజాపురము పడిపోయెను. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగ గోలకొండను ముట్టడించెను. తానీషాపై మోపిన నేరములలో బ్రధానములు, చచ్చినవారికి నధికార మిచ్చుటయు, శంభాజీకి ధనము పంపుటయు. అనగా మంత్రుల తలలు చేరిన పిమ్మటను వారి పేరే యుద్ధకారణముగ నిలిచెను. సంధికి మొగ్గిన షా ఆలము తండ్రి యనుమానమునకు బాత్రుడై నిర్బంధింపబడెను. ఎనిమిది నెలల ముట్టడియైన పిదప, సెప్టెంబరు 21వ తేదీని, లోనివాడగు అబ్దుల్లాఖాను పన్ని తలుపు దీయుటచే గోట వశమయ్యెను. తానీషా దౌలతాబాదు చెఱకు బోయెను.

మాదన్న మరణమునకును, గోలకొండ పతనమునకును నడుమ పదునెనిమిది మాసములు. మాదన్నయే వినాశహేతువైనచో, హేతువు నశించిన పిదప గార్యమును నశింపవలసి యుండెను, అట్లు కాలేదు. దక్షిణమును సమూలముగ గబళింప నిశ్చయించిన చక్రవర్తికి మంత్రి యొక నెపము మాత్రమే. అయినను మాదన్న నిర్దోషి కాడు. బంధువులతో నధికారము నింపుటచే ప్రభువర్గము విముఖమయ్యెను. కష్టకాలమున నా వైముఖ్యమే కత్తియయ్యెను. ఖాఫీఖాను వంటి మొగలాయీపక్షపు రచయిత లాతనిని దుష్టునిగా జిత్రించిరి. గోలకొండలో నివసించిన డచ్చి వైద్యుడు హావర్టు వంటివారు తమ వర్తకలాభముల దృష్టితో జూచిరి. మన కథకులు భక్తుని మేనమామగా మాత్ర మెఱిగిరి. ఈ మూడు సాక్ష్యములను సరిపోల్చి చూచినప్పుడు గానవచ్చువాడు రాక్షసుడును గాడు, ఋషియు గాడు. బలహీనరాజ్యమును బండ్రెండేండ్లు నిలిపి, తాను నిలిపిన రాజ్యము చేతనే చచ్చిన సమర్థుడగు రాజకీయవేత్త.