కత్తిపీటయు ఉక్కుసొగసును

హుమ్మలో కాపురమున్న మన యిండ్లలో కత్తిపీటకు తీరిక యుండదు. ఉప్పుమడుల గాలికి, రెండు దినములు తుడువక విడిచినచో, ఇనుప అలుగు ఎఱ్ఱబారును. ఇరుగుపొరుగు ఒడియావారు దానిని ‘పనికి’ యందురు. తెలుగు చెవికి ఆ మాట వినబడినంతనే ‘పని’ జ్ఞప్తికి వచ్చును. దాని తీరును అట్టిదే. 1936లో ఈ సీమ మదరాసు రాజధాని నుండి ఒరిస్సాకు మాఱినను, వంటయింట ఆ రెండు పేర్లును కలిసియే యున్నవి. ఒక పీట, వంపు తిరిగిన అలుగు, కొన్నిటికి కొనయందు కొబ్బరికోరు. ఇంక అలంకారమునకు తావేది?

ఉత్తరాఫ్రికాలో సంగతి వేఱు. అల్జీరియా కొండలలోని కబైలీలు ‘ఫ్లిస్సా’ యను పొడవైన కత్తి అలుగుపై గీతలు చెక్కి, వానిలో ఇత్తడి పొదుగుచుండిరి. బూసాదా పట్టణము పేర ప్రసిద్ధమైన కత్తి నిత్యోపయోగమునకైనదే. అయినను దాని ఒరకును పిడికిని సింగారము తప్పదు.

దీనిబట్టి మన కమ్మరులకు కళాదృష్టి లేదనుట తొందరపాటు. మనవారి సొగసు లోహములోనే యుండెను. ఉత్తరాఫ్రికా తీరమునందలి సియూటాతో సంబంధముగల అల్ ఇద్రీసీ యను భూగోళవేత్త, 12వ శతాబ్దముననే, హిందూదేశపు ఉక్కు పదునుకు సాటిలేదని పొగడెను. నిజామాబాదు సీమలోని కోనసముద్రము అట్టి ఉక్కునకు పేరొందిన తెలుగు గ్రామము. ఇనుమును మట్టిమూసలలో మూసి, కొలిమిలో కరగించి, మెల్లగా చల్లార్చుచుండిరి. ఆ ముద్దను సాగగొట్టి, పులుసుతో కడిగినపుడు అలుగుపై నీటి అలలవంటి చాఱలు తేలును. పైనుండి పొదిగినది కాదు, లోనుండి పైకి వచ్చినది! 1832లో ప్రకటితమైన వాయిసీ దొర వ్రాతలో, పారశీకమునుండి అచటికి వచ్చిన వర్తకుని ప్రస్తావన కలదు. తమ దేశమున ఈ ఉక్కును అనుకరింప యత్నించి విఫలులైరని ఆతడు చెప్పెనట.

అయితే మన కత్తిపీట అట్టి ఉక్కుతో చేసినదని భ్రమపడరాదు. ఆ ముద్దలు దూరదేశములకు పోయి ఖడ్గములైనవి. ఊరి కమ్మరికి మిగిలినది మామూలు ఇనుమే. పంటకాలమున కళ్లమున కొలిచి యిచ్చు ధాన్యమే ఆతని ప్రతిఫలము. నాగలికఱ్ఱు, కొడవలి, కత్తి, అన్నియు ఆతడే చక్కబెట్టవలెను. లతలు చెక్కుమని ఎవ్వరడిగిరి? అడిగినచో ఆతడు చెక్కకపోవునా? తాంబూలపు పళ్లెములోని ఇత్తడి అడకత్తెరలనే చూడుడు: కొన్ని చిలుకలు, కొన్ని గుఱ్ఱములు! మన గంజాము జిల్లా బెల్లగుంఠలోనే ఇత్తడిచేప ప్రాణమున్నట్లు మెలికలు తిరుగును.

ఇప్పుడు సంతలో దొరకు స్టెయిన్‌లెస్ అలుగు ఉప్పుగాలికి అంత సులువుగా లొంగదు. దానిని పట్టుకొని కమ్మరి కొలిమికి పోవువారును అరుదైరి.