బ్యాలెట్ పెట్టె నుంచి వీవీప్యాట్ దాకా: ఓటరు కంటికి ఏం కనబడింది?

ఎన్నికల సంస్కరణల మీద ప్రశ్న వస్తే మనమందరం ఒకే వరసలో రాసేస్తాం: 324వ అధికరణం, ఈవీఎం, నోటా, వీవీప్యాట్. నేనూ రెండేళ్లు అలాగే రాశాను. ఈసారి రివిజన్‌లో వేరే ప్రశ్న వేసుకున్నాను. బూత్‌లోకి వెళ్లిన మనిషికి అసలు ఏం కనబడింది?

1951-52లో 17 కోట్లకు పైగా ఓటర్లు. ఎక్కువమందికి చదువు రాదు. అందుకే సుకుమార్ సేన్ హయాంలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాగితం మీద ఏమీ రాయక్కర్లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. ఇంతకన్నా తేలిక ఇంకేముంటుంది? కానీ ముద్ర పడని కాగితాన్ని జేబులో పెట్టుకుని బయటికి తెచ్చేయవచ్చు. పైగా అభ్యర్థులు పెరిగేకొద్దీ పెట్టెలూ పెరుగుతాయి.

అందుకే 1960-61లో కేరళ, ఒడిశా మధ్యంతర ఎన్నికల్లో అందరి పేర్లూ, గుర్తులూ ఒకే కాగితం మీద అచ్చు వేసి, ముద్ర వేసే పద్ధతి తెచ్చారు. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఆ ముద్రే. కాగితం మడిస్తే తడి సిరా ఎదుటి గడిలో కూడా అంటుకుంటుంది. మరి ఓటు ఎవరిది? బాణాల స్వస్తిక్ ముద్ర అద్దంలో చూసినట్టు తిరగబడి అంటుతుంది కాబట్టి అసలుదేదో, అంటినదేదో లెక్కించేవాళ్లకు తెలిసిపోతుంది. గుండ్రటి చుక్కయితే ఇది కుదరదు.

కాగితానికి ఇంకో గుణం ఉంది, ఎంతయినా సాగుతుంది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశానికి చూపడానికి జనం బరిలో దిగితే అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. అంత జాబితానూ అచ్చు వేయాల్సి వచ్చింది. అందులో తన గుర్తు వెతుక్కోవడం ఓటరు తిప్పలు.

యంత్రం అలా సాగదు. ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 గడులే. పాత ఎం2 యంత్రాలకు నాలుగు యూనిట్లు కలిపినా 64 దాటేది కాదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేయడంతో 185 మంది బరిలో నిలిచారు. అప్పుడు ఎం3 యంత్రాలు తెచ్చి ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు పేర్చారు. నల్గొండ, నిజామాబాద్ రెండూ మన ఉదాహరణలే. జవాబులో పక్కపక్కన రాస్తే పేపర్ దిద్దేవారు ఆగి చదువుతారని నా ఆశ.

1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో ఈవీఎం తొలిసారి వాడారు. చట్టంలో యంత్రం ప్రస్తావన లేదని 1984లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత 61ఏ సెక్షన్ చేర్చారు. 2004 నాటికి లోక్‌సభ ఎన్నికంతా యంత్రాల మీదే. బటన్ నొక్కగానే ఎర్ర లైటు, బీప్. ఈసీఈ చదివినవాడిగా చెప్పాలంటే ఇది ఫీడ్‌బ్యాక్. కాగితం ఎప్పుడూ 'సరిగ్గా వేశావు' అని చెప్పలేదు, అందుకే అన్ని చెల్లని ఓట్లు. యంత్రంలో ముద్ర రెండు గడుల మధ్య పడే గొడవే లేదు.

అయితే ఆ బీప్ ఓటు నమోదైందని చెబుతుంది కానీ, ఎవరికి నమోదైందో చూపదు. 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ అవసరమన్నది ఈ లోటు గురించే. చివరికి మళ్లీ అచ్చు కాగితం దగ్గరికే వచ్చాం: వరస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ గాజు వెనక 7 సెకన్లు కనబడి కిందపడుతుంది. చీటీలన్నీ లెక్కించాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్‌లో కోర్టు తోసిపుచ్చింది. ఆ చర్చంతా లెక్కింపు గురించే. నేను మాత్రం ఆ 7 సెకన్ల దగ్గరే ఆగిపోయాను. మొన్న ఓటేసి వచ్చిన మా నాయనమ్మను చీటీ చూశావా అని అడిగితే, "ఏ చీటీరా? కూత వినగానే వచ్చేశా" అంది.