అమెరికాలో విద్యార్థి తొలిరోజు: పేరు, పత్రములు, పెట్టెలు

సరిహద్దు తాలూకాల నుండి ఉన్నత విద్యకై అమెరికాకు వెళ్లే పిల్లలు ఇప్పుడు అరుదు కారు. పొలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చి పంపే తల్లిదండ్రులే వీరిలో అధికము. ఆ పిల్లవాడు లేదా పిల్ల విమానం దిగిన తొలిరోజు ఏమి జరుగుతుంది, అందులో మన ప్రాంతపు కుటుంబాలు విశేషంగా ఏ విషయమై జాగ్రత్త పడవలెను అనునది ఈ వ్యాసమున వివరింపబడినది.

విశ్వవిద్యాలయము పంపే ఐ-20 అను పత్రములో చదువు ప్రారంభమయ్యే తేదీ ఉంటుంది. ఆ తేదీకి 30 రోజులకు మించి ముందుగా విద్యార్థి వీసాపై ఆ దేశములో ప్రవేశింపనివ్వరు. మంచి ముహూర్తము చూచి టిక్కెట్టు కొనే పెద్దలు మొదట ఈ తేదీని చూడవలెను.

విమానము దిగగానే చేరేది ఇమ్మిగ్రేషన్ వరుస. (అబుదాబి మీదుగా వెళ్లేవారికి ఈ తనిఖీ అక్కడే పూర్తి కావచ్చును.) పాస్‌పోర్టు, ఎఫ్-1 వీసా, సంతకము చేసిన ఐ-20, సెవిస్ రుసుము 350 డాలర్లు కట్టిన రసీదు, ప్రవేశపత్రము, ఖర్చు భరించువారి బ్యాంకు కాగితములు చేతిసంచిలోనే ఉండవలెను. పెద్ద పెట్టె ఆ తరువాత గాని చేతికి రాదు. అధికారి వ్రేలిముద్రలు, ఫొటో తీసుకొని, ఏమి చదువబోవుచున్నావు, ఎక్కడ ఉంటావు, డబ్బు ఎవరు కట్టుచున్నారు అని అడుగుతాడు. చిన్న వాక్యములలో నిజము చెప్పిన చాలును.

సందేహము కలిగితే వేరొక గదికి పంపుతారు. అది అరెస్టు కాదు. అక్కడ సాధారణంగా సెల్‌ఫోను వాడనివ్వరు కనుక, ఇంటి వద్ద ఉన్నవారు రెండు మూడు గంటలు ఫోను రాలేదని బెంగపడనక్కరలేదు. కాగితము ఏదైనా కొరవడినచో ఐ-515ఎ అను పత్రమిచ్చి 30 రోజుల గడువుతో లోనికి అనుమతించుట కూడా కలదు. అయితే అందరికీ అలా జరుగుతుందని చెప్పలేము. 2023 ఆగస్టులో పలువురు భారతీయ విద్యార్థులను విమానాశ్రయముల నుండే తిప్పి పంపినారు, వారిలో తెలుగువారును ఉన్నారు. అధికారులు ఫోనులోని సందేశములను సైతము చూడవచ్చును. వెళ్లగానే బయట ఉద్యోగము చూసుకొంటానని మిత్రునికి వ్రాసిన మాట ఒకటి చాలు, అప్పు చేసి కట్టిన రుసుమంతా నీళ్ల పాలగుటకు.

ఇక మన ప్రాంతపు పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఒకే ఇంటి అన్నదమ్ముల బిడ్డలను తీసుకొందము. కుప్పములో చదివిన వాని పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. హొసూరులో చదివిన వానికి తండ్రి పేరులోని మొదటి అక్షరము ముందు వస్తుంది. కోలారు వైపు చదివిన వానికి అదే అక్షరము పేరు వెనుకకు పోతుంది. మహారాష్ట్రలో స్థిరపడిన పెదతండ్రి మనుమనికి తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ వరుసగా ఉంటాయి. నలుగురిదీ ఒకటే వంశము, కాగితాల మీద నాలుగు వంశములు!

పాస్‌పోర్టులో పొడి అక్షరములు చెల్లవు, విడమరచి పూర్తిగా వ్రాయవలెను. ఆ శ్రమ ఎందుకని కొందరు ఇంటిపేరు గడిని ఖాళీగా వదలి, ఉన్న పేరంతా రెండవ గడిలో నింపుతారు. మన దేశమున అది చెల్లుతుంది. అమెరికా వీసా దరఖాస్తులో మాత్రము ఇంటిపేరు తప్పనిసరి. అందుచేత పిల్లవాని పేరును ఇంటిపేరు స్థానమునకు మార్చి, అసలు పేరున్న చోట ఎఫ్.ఎన్.యు. అని అచ్చు వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థము. తొలిరోజు కళాశాల కార్యాలయములో వెంకటేశును "ఫ్నూ" అని పిలిస్తే వాడు ఎవరినో అనుకొని కూర్చుంటాడు. నవ్వు వచ్చే సంగతే గాని, బ్యాంకు ఖాతాకు, డ్రైవింగు లైసెన్సుకు ఆ మూడక్షరములు వెంట వచ్చే ప్రమాదము ఉన్నది.

ఈ తప్పులో ఉపాధ్యాయులమైన మా పాలు కూడా లేకపోలేదు. ఒకటవ తరగతి ప్రవేశ పట్టీలో తండ్రి చెప్పిన ఇంటిపేరును వదలి, వాడుక ప్రకారము ఒక్క అక్షరము వ్రాసి పంపినవారిలో నేనూ ఉన్నాను. ఆ పట్టీ నుండి పదవ తరగతి ధ్రువపత్రమునకు, అక్కడి నుండి అన్నిటికీ అదే పాకినది.

కనుక విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పంపక ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నిండినవో లేదో చూచుకొని, లేనిచో తిరిగి జారీ చేయించుకొనవలెను. ఐ-20, వీసా, విమానపు టిక్కెట్టు మూడింటిలోను పాస్‌పోర్టులోని పేరే ఉండవలెను. ఇంటిపేరు గడిలో తండ్రి పేరు వ్రాయుట కంటె అసలు ఇంటిపేరు వ్రాయుటే మేలని నా అభిప్రాయము. తండ్రికి తాత పేరు, కొడుకుకు తండ్రి పేరు ఉంటే ఖర్చు భరించేది సొంత తండ్రేనని ప్రతి చోటా వివరించుకోవలసి వస్తుంది.

దిగిన ఊరి నుండి మరొక విమానము ఎక్కవలసి ఉన్నను, సాధారణంగా పెట్టెలను మొదటి విమానాశ్రయముననే తీసుకొని, కస్టమ్సు దాటి, మరల అప్పగించవలెను. దీనికి సమయము పట్టును గనుక రెండు విమానముల నడుమ కనీసము మూడు గంటలు ఉంచుకొనుట మంచిది. తినుబండారములన్నియు తెలుపవలెను. మాంసపు పచ్చళ్లు, పచ్చి పండ్లు, విత్తనములు పెట్టకుండుటే క్షేమము. తెలిపితే పోయేది పచ్చడి సీసా ఒక్కటే, దాచితే జరిమానా పడవచ్చును. 10,000 డాలర్లకు మించిన నగదు ఉన్నచో అదియు తెలుపవలెను.

పెట్టెలు ఆలస్యమగుట కొత్త కాదు. 1888 సెప్టెంబరు చివర ఇంగ్లండులో దిగిన గాంధీజీ తన సామాను, తాళపుచెవులు ఏజెంటుకు అప్పగించి, తెల్లని ఫ్లానెల్ దుస్తులతో ఒడ్డు చేరినారు. అటువంటి దుస్తులు ధరించినది తానొక్కడే. మరునాడు ఆదివారము, పెట్టెలు రావు. ఆ సిగ్గును ఆత్మకథలో వ్రాసుకొన్నారు. ఒక జత బట్టలు, మందులు, వైద్యుని చీటీ చేతిసంచిలో ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

గది చేరిన పిదప ఇంటికి ఫోను. ఆగస్టులో న్యూయార్కు మనకంటె 9.30 గంటలు, చికాగో, డల్లాసు 10.30 గంటలు వెనుక. అక్కడ రాత్రి 8 అయితే మనకు మరునాటి ఉదయము 5.30 లేదా 6.30, అనగా పాలు పితికే వేళ. నవంబరులో వారు గడియారము వెనుకకు తిప్పుతారు, అప్పుడు మరొక గంట కలుపుకొనవలెను.

ఒకటి రెండు రోజులలో ఐ-94 ప్రవేశ వివరమును ప్రభుత్వ వెబ్‌సైటులో తెరచి పేరు, వీసా తరగతి సరిగా ఉన్నవో చూడవలెను, 2013 నుండి విమాన ప్రయాణికులకు కాగితము ఇచ్చుట లేదు. పిమ్మట విశ్వవిద్యాలయపు విదేశీ విద్యార్థుల కార్యాలయమునకు వెళ్లి చిరునామా నమోదు చేయించుకొనవలెను. మొదటి విద్యాసంవత్సరములో ప్రాంగణము వెలుపల పని చేయరాదు. లోపల, తరగతులు జరిగే కాలమున వారమునకు 20 గంటల వరకే అనుమతి. అత్యవసరమైతే 911.

అక్కడి తెలుగు పిల్లలు కలసినపుడు మొదట అడిగేది "ఆంధ్రానా, తెలంగాణానా?" అని. రెండూ కాదు, హొసూరు అని చెబితే, "మరి తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అంటారట. మా పాత విద్యార్థి ఒకడు తొలిరోజు రాత్రి ఫోనులో చెప్పిన మొదటి సంగతి అదే. పెట్టె వచ్చినదా అని వాళ్లమ్మ అడిగిన ప్రశ్నకు ఆ తరువాతనే జవాబు వచ్చింది.