మూడు నిమిషాల ఆట: పది సెకన్ల గంట నుంచి మన ఫోను దాకా

పోయినసారి ఎనిమిది గంటల డ్యూటీ ఎట్లా వచ్చిందో రాస్తే చాలామంది చదివినమని చెప్పిండ్రు. ఈసారి చెస్ గురించి. ఇదేం చరిత్ర అని నవ్వకండి. మన రూముల్లో లైటు తీసేసినంక దుప్పటి కింద వెలిగే ఫోన్లలో సగం చెస్ ఫోన్లే. గ్యాస్ స్టేషన్ నైట్ షిఫ్టులో కౌంటర్ వెనక, హోటల్ కిచెన్‌లో గిన్నెలు కడిగినంక, సైటు మీద లంచ్ అరగంటలో మనోళ్ళు ఆడేది మూడు నిమిషాల బ్లిట్జే. మన చేతిలో ఉండే టైముకు అదే పడుతది మరి.

మనలో గట్టి ఆటగాళ్ళు కొందరున్నరు. రెండు వేల రేటింగ్ దాటినోళ్ళు. వాళ్ళు మమ్మల్ని అడిగేది ఒకటే మాట: "రోజుకు నలభై ఆటలు ఆడుతున్నం, రెండేండ్ల నుంచి రేటింగ్ ఉన్నకాడనే కూసున్నది. ఎందుకన్నా?" ఇది ఉత్త ఆట ముచ్చట కాదు. రాత్రి రెండింటిదాకా ఆడి పొద్దున ఆరింటికి స్కాఫోల్డింగ్ ఎక్కే మనిషిని మేము కళ్ళు చూసే గుర్తుపడతం, ఆ రోజు కింద పని ఇస్తం. నిద్ర పోగొట్టుకున్నది, ఆట కూడా పెరగలేదంటే ఎట్లా? జవాబు కోసం పాత సంగతులు తవ్వితే అది మనకు దగ్గరలోనే దొరికింది. మేము ఉండే జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలు ఎక్కి తొమ్మిదో వీధిలో దిగితే నాలుగడుగుల దూరం.

అక్కడ పదో వీధిలో మార్షల్ చెస్ క్లబ్ ఉన్నది. ఫ్రాంక్ మార్షల్ అనే అమెరికా ఛాంపియన్ 1915లో పెట్టింది. దానికంటే పాతది మాన్‌హట్టన్ చెస్ క్లబ్, 1877 నాటిది. అది 2002లో మూతపడ్డది. ఈ క్లబ్బుల్లో అప్పట్లో వేగం ఆటకు 'రాపిడ్ ట్రాన్సిట్' అని పేరు. న్యూయార్క్‌లో సిటీ రైళ్ళకు వాడే మాటే అది. పద్ధతి ఏందంటే, పది సెకన్లకొకసారి గంట కొడతరు. గంట మోగినప్పుడే ఎత్తు వెయ్యాలె. ముందూ కాదు, వెనకా కాదు.

ఒకసారి ఆలోచించండి. ఇప్పటి మన ఆటలో తేలిక ఎత్తును అర సెకన్‌లో కొట్టి టైము దాచుకుంటం. గంట ఆటలో ఆ దాపుడు లేదు. తేలిక ఎత్తుకూ పది సెకన్లే, కష్టమైన ఎత్తుకూ పది సెకన్లే. గడియారం చూసి ఎదుటోణ్ణి బెదిరించే ఉపాయమే ఉండదు. బోర్డు మీద ఏముందో కన్ను పట్టాలె, అంతే. మా లెక్కలో ఇది మంచి బడి.

ఆ బడిలో మెరిసినోడు కాపబ్లాంకా. క్యూబా నుంచి చదువు కోసం వచ్చి 1906లో కొలంబియా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరిండు. అదే ఏడాది మాన్‌హట్టన్ క్లబ్‌లో జరిగిన వేగం పోటీలో ప్రపంచ ఛాంపియన్ లాస్కర్ ఆడుతుండగానే మొదటి స్థానం కొట్టిండు. చదువు మధ్యలోనే పోయింది గానీ, 1921లో అదే లాస్కర్ దగ్గర నుంచి ప్రపంచ ఛాంపియన్ పట్టం తీసుకున్నడు. 1942 మార్చిలో ఆ క్లబ్‌లోనే కుప్పకూలి తెల్లారి చనిపోయిండు.

అదే 1942 నుంచి 1945 దాకా నాలుగేండ్లు వరుసగా అమెరికా మెరుపు ఛాంపియన్ రూబెన్ ఫైన్. న్యూయార్క్ మనిషే. ఈయన ముచ్చట మన రెండు వేలోళ్ళు గట్టిగా పట్టుకోవాలె. 1941లో, అంటే మెరుపు పోటీలు గెలవడానికి ముందే, ఈయన ఆట ముగింపుల మీద ఒక లావు పుస్తకం అచ్చు వేసిండు. 'బేసిక్ చెస్ ఎండింగ్స్' దాని పేరు. బోర్డు మీద రెండు ఏనుగులు, నాలుగు బంట్లు మిగిలినప్పుడు ఏం చెయ్యాలె, రాజును ఎటు నడిపించాలె, ఇట్లాంటివన్నీ కూర్చి పెట్టిన పుస్తకం. అంత ఓపిగ్గా నిదానంగా కూసుని రాసినోడే దేశంలో అందరికంటే వేగంగా ఆడేటోడు. మన ఆటలు ఎక్కడ పోతున్నయో చూడండి. పదిహేను సెకన్లు మిగిలినప్పుడు, ఒక బంటు ఎక్కువ ఉండి కూడా, ఏనుగును ఎక్కడ పెట్టాలో తెల్వక పోతున్నయి. అక్కడ ఆలోచించే టైము ఉండదు. ముందే తెలిసి ఉండాలె.

ఇగ బాబీ ఫిషర్. 1943లో చికాగోలో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగిండు. తల్లి ఒక్కతే పని చేసి పిల్లల్ని సాకింది. పదమూడేండ్లకు 1956లో ఈ మార్షల్ క్లబ్‌లోనే డోనాల్డ్ బర్న్ మీద ఆడిన ఆటను శతాబ్దపు ఆట అన్నరు. కానీ మాకు ముఖ్యమైంది రెండేండ్ల తర్వాతి సంగతి. 1958లో పదిహేనేండ్ల ఫిషర్ అక్కతోని మాస్కో పోయిండు. అక్కడి క్లబ్‌లో పొద్దస్తమానం బ్లిట్జ్ ఆడిండు. కుర్ర మాస్టర్లను ఓడిస్తుంటే పెట్రోస్యాన్‌ను పిలిపించిండ్రు. ఆయన వచ్చి ఫిషర్‌ను ఎక్కువ ఆటల్లో ఓడగొట్టిండు.

పన్నెండేండ్లు గడిచినయి. 1970లో యుగోస్లావియాలోని హెర్సెగ్ నోవిలో పెద్ద పెద్దోళ్ళతోని ఐదు నిమిషాల పోటీ. తాల్, కోర్చ్‌నోయ్, స్మిస్లోవ్, అదే పెట్రోస్యాన్ కూడా ఉన్నరు. ఫిషర్ 22 ఆటల్లో 19 పాయింట్లు. రెండో స్థానం తాల్‌ది, నాలుగున్నర పాయింట్లు వెనక. పోటీ అయినంక ఆ 22 ఆటల ఎత్తులన్నీ ఫిషర్ నోటికి అప్పజెప్పిండని చెప్పుకుంటరు. మరుసటేడు 1971లో మాన్‌హట్టన్ క్లబ్ బ్లిట్జ్‌లో 22కు ఇరవై ఒకటిన్నర. అంటే ఒక్క ఆట డ్రా, మిగతావన్నీ గెలుపే.

మధ్యలో ఏం జరిగింది? రోజుకు నలభై బ్లిట్జ్‌లు ఆడుడు కాదు. రష్యా పత్రికలు చదవడానికి ఆ భాష నేర్చుకున్నడు. పాత ఆటలు, ఎవరూ పట్టించుకోని పందొమ్మిదో శతాబ్దం ఆటలు కూడా ముందటేసుకుని కూసున్నడు. పెద్ద ఆటలు ఆడిండు. స్లాబ్ పోసినంక నీళ్ళు పట్టకుండా సెంట్రింగ్ పీకితే ఏమైతదో మనకు తెలుసు. ఆ పన్నెండేండ్లు ఫిషర్‌కు క్యూరింగ్. (ముసలితనంలో ఆయన మాట్లాడిన మాటలు మాకు నచ్చవు, అది వేరే కథ.)

ఇంకొక పని కూడా చేసిండు ఫిషర్. 1988లో ఒక కొత్త గడియారానికి పేటెంట్ పెట్టిండు, 1989లో వచ్చింది. ఎత్తు వేసిన ప్రతిసారి కొన్ని సెకన్లు కలిసే గడియారం. మన యాప్‌లో 3+2 అని ఉంటది గదా, ఆ ప్లస్ రెండు ఆయన పెట్టిందే. దీంతోని గెలిచే ఆటను ఉత్త టైము మీద పోగొట్టుకునుడు తగ్గింది. ఇప్పుడు ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్ ఆడేది కూడా 3+2 మీదనే. మనోళ్ళు చాలామంది 3+0 ఆడతరు. ఆట బాగుపడాలంటే 3+2కు మారాలని మా గట్టి అభిప్రాయం. 3+0లో చివరకొచ్చేసరికి అది చెస్ కాదు, వేళ్ళ పందెం.

ఇంటర్నెట్ ఆట 1992లో యూటా యూనివర్సిటీ కంప్యూటర్ మీద మొదలైంది. బొమ్మలు లేవు, అక్షరాలతోనే బోర్డు. తర్వాత పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేనియల్ స్లేటర్ దాన్ని చేతిలోకి తీసుకున్నడు. అప్పటి పెద్ద బాధ లాగ్. ఎత్తు వైరు మీద పోయి చేరేసరికే గడియారం తినేది. స్లేటర్ ఏం చేసిండంటే, మనం ఆలోచించిన టైమును మన కంప్యూటర్ కాడనే కొలిచి, దారిలో పోయిన టైమును లెక్కలోకి రాకుండా చేసిండు. బేస్‌మెంట్ రూములో ఒకటే వైఫై మీద ఆరుగురం ఉండేటోళ్ళకు దాని విలువ తెలుస్తది.

1995 మార్చిలో ఆయన దాన్ని ఇంటర్నెట్ చెస్ క్లబ్ అని కంపెనీ చేసి ఏడాదికి 49 డాలర్లు ఫీజు పెట్టిండు. అప్పటిదాకా ఊరికే కోడ్ రాసిచ్చినోళ్ళకు కోపమొచ్చింది. మేము కట్టిన ఇంటికి తాళం నువ్వెట్లా వేస్తవని, వాళ్ళు అదే ఏడాది ఉచిత సర్వర్ ఇంకోటి నిలబెట్టిండ్రు. ఎవరి వాదన వాళ్ళకున్నది. సర్వర్ నడపాలంటే ఖర్చు, పని రెండూ ఉంటయి. కానీ మేమైతే కోడ్ రాసినోళ్ళ దిక్కే. చెస్ డాట్ కామ్ 2007లో, ఫ్రాన్స్ పిలగాడు పెట్టిన ఉచిత లీచెస్ 2010లో వచ్చినయి.

ఆ పాత క్లబ్ సర్వర్ మీద పెరిగినోడు హికారు నకమురా. జపాన్‌లో 1987లో పుట్టి రెండేండ్లకు అమెరికా వచ్చిండు. నేర్పింది సవతి తండ్రి సునీల్ వీరమంత్రి, శ్రీలంక మూలం ఉన్న కోచ్. 2003లో పదిహేనేండ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యి ఫిషర్ పాత అమెరికా రికార్డు దాటిండు. 2009లో ఒక్క నిమిషం ఆట మీద పుస్తకమే రాసిండు. "చూడన్నా, బుల్లెట్ ఆడే పెద్దోడైండు" అని మన తమ్ముళ్ళు ఈయన పేరే చెప్తరు. కాదు. గ్రాండ్‌మాస్టర్ పట్టా గంటల తరబడి సాగే పెద్ద ఆటల మీద ఇస్తరు, బుల్లెట్ మీద ఇయ్యరు. పునాది అక్కడ పడ్డది, బుల్లెట్ దాని మీద లేచిన అంతస్తు. ఆన్‌లైన్ స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌లో 2016లో, 2017లో కార్ల్‌సన్ చేతిలో ఓడిండు. తర్వాత 2018 నుంచి 2022 దాకా ఐదుసార్లు వరుసగా ఆయనే గెలిచిండు.

డేనియల్ నరోడిట్‌స్కీ గురించి రాయకుంటే ఈ కథ సగమే. తల్లిదండ్రులు పాత సోవియట్ దేశాల నుంచి కాలిఫోర్నియాకు వలస వచ్చినోళ్ళు. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో చదివింది చరిత్ర. తర్వాత నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో కోచ్‌గా ఉన్నడు. కొత్త అకౌంట్ పెట్టి కింది రేటింగ్ నుంచి పైదాకా ఆడుకుంట, ప్రతి ఎత్తు ఎందుకు వేస్తున్నడో నోటితోని చెప్పేటోడు. ఆట అయినంక మళ్ళీ వెనక్కి తిప్పి చూపెట్టేటోడు. మూడు నిమిషాల ఆటకు పదిహేను నిమిషాల వివరణ. ఇంగ్లీషు సగమే వచ్చిన మాకు కూడా ఆయన మాట అర్థమయ్యేది. 2025 ఆగస్టులో అమెరికా బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్ 14కు 14 గెలిచిండు. అక్టోబర్‌లో చనిపోయిండు. 29 ఏండ్లు. ఆ రోజు మా రూములో ఎవరూ ఆడలేదు.

మన హంపి సంగతి మీకు తెలిసిందే. 2024 డిసెంబర్‌లో ప్రపంచ రాపిడ్ పోటీ న్యూయార్క్‌లోనే, వాల్ స్ట్రీట్‌లో జరిగింది. మొదటి రౌండే ఓడింది. 37 ఏండ్ల వయసు, ఇంట్లో బిడ్డ. అయినా 11 ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతోని ఛాంపియన్ అయ్యింది. 2019లో మాస్కోలో ఒకసారి గెలిచింది, ఇది రెండోసారి. మొదటి ఆట ఓడంగానే "ఇంకోటి, ఇంకోటి" అని కోపంతోని బటన్ నొక్కే మనం ఆ పది రౌండ్లను చూడాలె.

ఇప్పుడు మా రూములో పద్ధతి ఇదీ. రాత్రికి ఆరు ఆటలు, 3+2. వరుసగా రెండు ఓడితే ఆ రోజు బంద్. ఓడిన ఆటను ఇంజిన్ పెట్టకుండా ఇద్దరం కూసుని ముందు నోటితోని చెప్పుకుంటం, ఎక్కడ చెడ్డదో అనుకుంటం, తర్వాతనే ఇంజిన్ తెరుస్తం. ఆదివారం అరగంట ఆట ఒకటి, అదీ నిజమైన బోర్డు మీద. ఏనుగుల ముగింపులు వారానికి ఒకటి. మొదటి నెల మా గట్టి ఆటగాడి రేటింగ్ అరవై తగ్గింది, తిట్టుకున్నడు. నాలుగో నెలలో పాత గరిష్ఠం దాటింది.

వాషింగ్టన్ స్క్వేర్ పార్కు నైరుతి మూలన రాతి బల్లల కాడ బయటోళ్ళతోని ఆడాలనుకునేటోళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కూసునే ముందే డబ్బులకా, ఉత్తగనా అని అడగండి. గడియారం వాళ్ళదే ఉంటది, ఎవరికెన్ని నిమిషాలు పెట్టిండ్రో చూసి బటన్ నొక్కండి. వచ్చే ఆదివారం మేము నలుగురం పోతున్నం. రావాలనుకునేటోళ్ళు పదింటికల్లా జర్నల్ స్క్వేర్ స్టేషన్ కాడ ఉండండి.