వేగువాడా, ప్రజావేగా? – డేనియల్ ఎల్స్‌బర్గ్ మీద మోపిన నేరం

1973లో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ న్యాయస్థానంలో సాక్షి పీఠం మీద కూర్చున్న డేనియల్ ఎల్స్‌బర్గ్‌ను ఆయన న్యాయవాది ఒక చిన్న ప్రశ్న అడిగాడు: ఆ పత్రాలకు నకళ్ళు ఎందుకు తీశారు? ప్రాసిక్యూటర్ వెంటనే అభ్యంతరం చెప్పాడు. జడ్జి మాథ్యూ బర్న్ ఆ అభ్యంతరాన్ని అంగీకరించాడు. చేసిన పని ఎందుకు చేశాడో ముద్దాయిని జూరీకి చెప్పుకోనివ్వని కేసును తానెన్నడూ వినలేదని న్యాయవాది వాపోతే, ఇప్పుడు వింటున్నారు కదా అని జడ్జి బదులిచ్చాడట. ఎల్స్‌బర్గ్ ఈ సంగతిని తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నాడు. నేరం రుజువైతే 115 సంవత్సరాల జైలుశిక్ష పడగల మనిషికి ‘ఎందుకు’ అన్న మాటకు జవాబు చెప్పే అవకాశం దొరకలేదు. 2002లో వెలువడిన ఆయన స్మృతిగ్రంథం ‘సీక్రెట్స్’ అంతా ఒక రకంగా ఆ అప్రస్తుత ప్రశ్నకు ఆలస్యంగా ఇచ్చిన జవాబే. విచిత్రమేమంటే, అందులో వియత్నాం అనుభవాలకు దక్కినంత చోటు న్యాయస్థానపు విచారణకు దక్కలేదు.

ఎల్స్‌బర్గ్ పుట్టుకతో తిరుగుబాటుదారు కాడు. 1931లో షికాగోలో పుట్టి, హార్వర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మెరీన్ సైనికుడిగా పనిచేసి, రాండ్ సంస్థలో అణుయుద్ధ వ్యూహాల విశ్లేషకుడైనవాడు. పెంటగాన్‌లో ఆయన ఉద్యోగ జీవితం మొదలైనది 1964 ఆగస్టు 4న. టాంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకల మీద దాడి జరిగిందన్న వార్త వచ్చినది ఆ రోజునే. ఆ దాడి నిజంగా జరిగిందో లేదోనన్న అనుమానాన్ని ఆ నౌకల దళాధిపతే కొద్ది గంటల్లో తెలియజేశాడు. ఆ సందేశాలను స్వయంగా చదివిన ఎల్స్‌బర్గ్, అదే రాత్రి అధ్యక్షుడు జాన్సన్ దాడి నిస్సందేహంగా జరిగినట్టు ప్రజలకు ప్రకటించడమూ చూశాడు. అయినా ఆయన ఉద్యోగం మానలేదు. తరువాత రెండేళ్ళపాటు వియత్నాంలో ఉండి యుద్ధాన్ని దగ్గరగా చూశాడు.

1967లో రక్షణమంత్రి మెక్‌నమారా ఈ యుద్ధం ఎలా మొదలై ఎలా పెరిగిందో రాయించమన్నాడు. ఆ పనికి నియమితులైన 36 మంది విశ్లేషకులలో ఎల్స్‌బర్గ్ ఒకడు. 1969 నాటికి పూర్తయిన ఆ గ్రంథం 47 సంపుటాలు, సుమారు 7,000 పేజీలు. ట్రూమన్ నుంచి జాన్సన్ వరకు నలుగురు అధ్యక్షులు లోపల ఏమనుకున్నారో, బయట ఏం చెప్పారో అందులో ఉంది. ఎల్స్‌బర్గ్‌కు పై అధికారిగా ఉండిన జాన్ మెక్‌నాటన్ 1965లో రాసిన ఒక పత్రం యుద్ధలక్ష్యాలను శాతాలలో లెక్కగట్టింది: అవమానకరమైన ఓటమిని తప్పించుకోవడం 70, దక్షిణ వియత్నాం చైనా చేతికి చిక్కకుండా చూడడం 20, ఆ దేశ ప్రజలకు మెరుగైన స్వేచ్ఛాజీవితం 10. ప్రజల ఎదుట ప్రసంగాలన్నీ ఆ చివరి పదిని గురించినవే.

1969 ఆగస్టులో హావర్‌ఫర్డ్ కళాశాలలో జరిగిన ఒక యుద్ధవ్యతిరేక సభలో రాండీ కేలర్ అనే యువకుడు, సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు తాను త్వరలో జైలుకు వెళుతున్నానని ప్రశాంతంగా చెప్పాడు. ఎల్స్‌బర్గ్ సభ నుంచి లేచి స్నానాల గదిలోకి పోయి, నేలమీద కూర్చుని గంటకు పైగా ఏడ్చాడు. న్యాయస్థానం వినడానికి నిరాకరించిన జవాబుకు బీజం అక్కడ ఉంది. అక్టోబరు 1 రాత్రి నుంచి ఆయన తన సహచరుడు ఆంథొనీ రూసోతో కలిసి, రాండ్ భద్రపేటికలోని సంపుటాలను చేతిసంచిలో బయటికి తెచ్చి, ఒక ప్రకటనల సంస్థ కార్యాలయంలోని జిరాక్స్ యంత్రం మీద నకలు చేయసాగాడు. ఒక రాత్రి పదమూడేళ్ల కొడుకు యంత్రం నడిపాడు. పదేళ్ల కూతురు కత్తెరతో ప్రతి పుట అంచునా ఉన్న ‘పరమ రహస్యం’ ముద్రలను కత్తిరించింది. జైలుకు పోయేముందు తండ్రి ఏం చేశాడో, అది పిచ్చితనం కాదని పిల్లలు కళ్ళారా చూడాలన్నది తన ఉద్దేశమని ఆయన రాసుకున్నాడు. చదివేవారికి మాత్రం, పిల్లలను ఆ యంత్రం దగ్గరకు తీసుకుపోయిన తండ్రి మీద కొంత కోపం రాకమానదు.

ఆయన పత్రాలను మొదట పత్రికలకు ఇవ్వలేదు. సెనేటర్ ఫుల్‌బ్రైట్ దగ్గరకు వెళ్ళాడు, సెనేటర్ మెక్‌గవర్న్ దగ్గరకు వెళ్ళాడు. ఇద్దరూ యుద్ధవ్యతిరేకులే, ఇద్దరూ జంకారు. చివరికి 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి నీల్ షీహన్‌కు చూపించాడు. చదువుకో, నకలు తీయవద్దు అన్నాడు. షీహన్ ఆయనకు తెలియకుండా నకలు తీశాడు. రహస్యం బయటపెట్టినవాడి దగ్గరి నుంచే రహస్యంగా తీసుకుపోయిన ఈ సంగతి 2021లో షీహన్ మరణానంతరం గాని లోకానికి వివరంగా తెలియలేదు. శాంతిచర్చలకు సంబంధించిన నాలుగు సంపుటాలను మాత్రం ఎల్స్‌బర్గ్ పత్రికలకు ఇవ్వలేదు. జరుగుతున్న చర్చలకు హాని కలగరాదన్నది ఆయన పెట్టుకున్న హద్దు.

జూన్ 13న ప్రచురణ మొదలైంది. రెండు రోజులకే ప్రభుత్వం న్యాయస్థానం ద్వారా టైమ్స్‌ను ఆపించింది; వాషింగ్టన్ పోస్ట్ అందుకుంది; జూన్ 30న సుప్రీం కోర్టు 6–3తో పత్రికల పక్షాన తీర్పు చెప్పింది. ఈ తీర్పును పత్రికా స్వాతంత్ర్యపు మహా విజయంగా చెప్పుకుంటారు, నిజమే. అయితే తీర్పు తేల్చింది ప్రచురణను ముందుగా ఆపరాదని మాత్రమే. ప్రచురించాక శిక్షించవచ్చా అన్నదానికి తలుపు తెరిచే ఉందని, గెలిపించిన ఆరుగురిలో ఒకరైన జస్టిస్ వైట్ తన అభిప్రాయంలో స్పష్టంగానే రాశాడు. పత్రిక గెలిచింది, పత్రాలు ఇచ్చిన మనిషి గెలవలేదు. రెండు రోజుల ముందే, జూన్ 28న, ఎల్స్‌బర్గ్ బోస్టన్‌లో లొంగిపోయాడు.

ఆయన మీద మోపిన అభియోగాలకు ప్రధానాధారం 1917 జూన్‌లో, అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగిన రెండు నెలలకు వచ్చిన గూఢచర్య చట్టం. బ్రిటన్‌లో 1911లో, దాని పాలనలోని భారతదేశంలో 1923లో అధికార రహస్యాల చట్టాలు చేశారు. అమెరికాకు అటువంటిది లేదు. 1917లోనే పత్రికలను కట్టడి చేసే అధికారం అధ్యక్షుడు విల్సన్ కోరగా కాంగ్రెస్ తిరస్కరించింది. 2000లో కాంగ్రెస్ ఆమోదించిన రహస్యాల బిల్లును అధ్యక్షుడు క్లింటన్ తిప్పికొట్టాడు. లేని చట్టం చేయవలసిన పనిని గూఢచారుల కోసం చేసిన చట్టం చేయసాగింది. దేశరక్షణకు సంబంధించిన సమాచారాన్ని, దేశానికి హాని కలగవచ్చునని తెలిసీ, అర్హత లేనివారికి అందజేయడం నేరమని దాని సారాంశం. అందుకున్నది శత్రుదేశమా, సొంత దేశపు పౌరులా అన్న భేదం అందులో లేదు. ‘విజిల్‌బ్లోయర్’కు తెలుగు పత్రికలు ‘ప్రజావేగు’ అన్న మాటను వాడుకలోకి తెచ్చాయి. రాజు కోసం పనిచేసే వేగు ఒకడు, ప్రజల కోసం పనిచేసే వేగు ఒకడు. తేడా అంతా ముందున్న ఆ రెండక్షరాలలో ఉంది. 1917 చట్టానికి ఆ రెండక్షరాలు కనపడవు.

అందుకే దేశం రెండుగా చీలి వాదించుకుంది. ఎల్స్‌బర్గ్‌ను తప్పుపట్టినవారందరూ యుద్ధప్రియులు కారు. రహస్యాలు కాపాడతానని సంతకం చేసిన ఉద్యోగి తన అంతరాత్మ మాట విని పత్రాలు బయటపెట్టవచ్చునంటే, రేపు మరొకడి అంతరాత్మ మరొకటి చెబుతుంది. ఏది బయటపెట్టాలో నిర్ణయించవలసింది ఎన్నికైనవారా, జిరాక్స్ యంత్రం అందుబాటులో ఉన్నవారా? ఇది తేలికగా కొట్టివేయదగ్గ ప్రశ్న కాదు. రాండ్‌లో ఎల్స్‌బర్గ్ పాత మిత్రులు పలువురు ఆయనతో మాటలు మానేశారు. ఎదుటిపక్షం వాదం మరొకటి: ఎన్నికైనవారే ఎన్నుకున్నవారికి అబద్ధం చెబుతుంటే, ఎన్నికకు అర్థమేమిటి? ఎల్స్‌బర్గ్ పక్షాన సాక్ష్యం చెప్పినవారిలో చరిత్రకారుడు హోవర్డ్ జిన్‌తో పాటు, భారతదేశంలో రాయబారిగా పనిచేసి మనవారికి చిరపరిచితుడైన గాల్‌బ్రెయిత్ కూడా ఉన్నాడు.

ఈ కథలో అందరూ దాటిపోయే ఒక వైద్యుడున్నాడు. బెవెర్లీ హిల్స్‌లోని మనోవైద్యుడు లూయిస్ ఫీల్డింగ్ ఒకప్పుడు ఎల్స్‌బర్గ్‌కు చికిత్స చేశాడు. 1971 జులైలో ఎఫ్.బి.ఐ. అధికారులు వచ్చి రోగి వివరాలు అడిగితే, అవి గోప్యమైనవంటూ ఆయన నిరాకరించాడు. దాంతో శ్వేతసౌధం సి.ఐ.ఏ. వైద్యుల చేత, రోగిని చూడకుండానే, ఎల్స్‌బర్గ్ మనస్తత్వ చిత్రణ రాయించింది. పిచ్చివాడనో, ద్రోహబుద్ధి కలవాడనో ముద్ర వేయడానికి పనికివచ్చేది ఏదైనా దొరుకుతుందని వారి ఆశ. తరువాత బయటపడిన ఆ తొలి పత్రంలో ఉన్నది వేరు: ఈ వ్యక్తి తాను చేసినది ద్రోహమని భావించిన సూచనలేమీ లేవని, మరింత ఉన్నతమని తాను నమ్మిన దేశభక్తికి స్పందించినట్టున్నాడని అందులో రాశారు. జూరీ ముందు అడగనివ్వని ‘ఎందుకు’కు ప్రభుత్వపు సొంత వైద్యులే, విచారణకు ఏడాదిన్నర ముందే, జవాబు రాసి ఇచ్చారు. ఆ జవాబు శ్వేతసౌధానికి రుచించలేదు. ఎర్లిక్‌మన్ అనుమతితో, హంట్, లిడ్డీల నాయకత్వంలో, సెప్టెంబరు 3 రాత్రి కొందరు ఫీల్డింగ్ ఆసుపత్రి గదిలోకి చొరబడి ఇనుపబీరువా పగలగొట్టారు. వారికి కావలసినది దొరకలేదు. గునపపు దెబ్బలతో వంకరలు పోయిన ఆ బీరువా ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంగ్రహాలయంలో ఉంది. దేశరహస్యం బయటపెట్టాడని ఒక మనిషిని విచారిస్తున్న ప్రభుత్వం, అతని వైద్యరహస్యం దొంగిలించబోయింది.

ఈ చొరబాటు సంగతి 1973 ఏప్రిల్ చివరలో న్యాయస్థానంలో వెల్లడైంది. కేసు నడుస్తుండగానే ఎర్లిక్‌మన్ జడ్జి బర్న్‌ను పిలిపించుకుని ఎఫ్.బి.ఐ. అధిపతి పదవి గురించి మాట్లాడాడని తేలింది. ఎల్స్‌బర్గ్ మాటలు పట్టిన రహస్య టెలిఫోన్ వినికిడి తాలూకు కాగితాలు మాయమయ్యాయని కూడా తేలింది. మే 11న బర్న్ అభియోగాలన్నిటినీ కొట్టివేశాడు. ఎల్స్‌బర్గ్, రూసో స్వేచ్ఛగా బయటికి నడిచారు. అయితే వారు నిర్దోషులని ఎవరూ చెప్పలేదు. చట్టం ప్రజావేగుకు వర్తిస్తుందా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

మరొక ప్రశ్నకు మాత్రం జవాబు వచ్చింది. 1971లో సుప్రీం కోర్టు ముందు నిలబడి ఈ ప్రచురణ దేశభద్రతకు తీవ్రహాని చేస్తుందని వాదించిన సొలిసిటర్ జనరల్ అర్విన్ గ్రిస్‌వల్డ్, 1989లో వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రచురణ వల్ల హాని జరిగిన జాడ తనకెక్కడా కనపడలేదని, అతిగా రహస్యముద్రలు వేయడంలో అధికారుల అసలు భయం దేశభద్రత కాదు, తమకు కలిగే ఇబ్బందేనని ఒప్పుకున్నాడు.

ఆ తరువాత ఇదే చట్టం కింద ఇటువంటి కేసులు ఒకటొకటిగా వచ్చాయి. జాతీయ భద్రతా సంస్థలో వృథాను, అక్రమ నిఘాను ప్రశ్నించిన థామస్ డ్రేక్ మీద 2010లో 35 ఏళ్ల శిక్షకు తగిన పది అభియోగాలు మోపి, మరుసటి ఏడాది ఒక చిన్న తప్పిదంతో సరిపెట్టుకున్నారు. చెల్సీ మానింగ్‌కు 2013లో 35 ఏళ్ల శిక్ష పడింది. 2017లో ఒబామా తగ్గించాడు. ఎడ్వర్డ్ స్నోడెన్ మీద 2013 జూన్‌లో మూడు అభియోగాలు. అమెరికన్ల ఫోన్ వివరాలను మూకుమ్మడిగా పోగుచేయడం చట్టసమ్మతం కాదని 2015లో ఒక అప్పీళ్ల న్యాయస్థానం తీర్పు చెప్పింది, ఆ పద్ధతిని కాంగ్రెస్ మార్చింది. అయినా 2016లో ప్రతినిధుల సభ నిఘా సంఘం ఆయన ప్రజావేగు కానేకాదని తేల్చింది. ఆయన తీసుకుపోయిన పత్రాలలో అధికభాగానికి పౌరుల గోప్యతతో సంబంధం లేదన్నది వారి వాదన. ఎల్స్‌బర్గ్ ఎల్లా ఎదుర్కొన్నాడో చూడు, నువ్వూ వచ్చి విచారణకు నిలబడు అని స్నోడెన్‌కు హితవు చెప్పినవారు చాలామంది. వారికి జవాబిచ్చినది ఎల్స్‌బర్గే. తనను ఆ రెండేళ్లూ జామీను మీద వదిలారని, సభలలో మాట్లాడనిచ్చారని, ఆ అమెరికా ఇప్పుడు లేదని ఆయన రాశాడు. స్నోడెన్ అడిగినదల్లా జూరీ ముందు తన కారణాలు చెప్పుకోనిస్తారా అన్నదే. కెనడా చట్టంలో ప్రజాహితం పేరిట వాదించుకునే అవకాశం, పరిమితంగానైనా, ఉంది. అమెరికా చట్టంలో లేదు.

మన దేశంలో 2019లో రఫేల్ విమానాల పత్రాలను హిందూ పత్రిక ప్రచురించినప్పుడు, అవి దొంగిలించినవని, అధికార రహస్యాల చట్టం వర్తిస్తుందని కేంద్రప్రభుత్వం వాదించింది. సుప్రీం కోర్టు ఏప్రిల్ 10న ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చుతూ పెంటగాన్ పత్రాల తీర్పును ప్రస్తావించింది. అక్కడా ప్రశ్న పత్రాలను న్యాయస్థానం చూడవచ్చా అన్నదే. వాటిని ఇచ్చినవారి గతి ఏమిటన్నది కాదు.

2021 మేలో, తొంభయ్యేళ్ల వయసులో, ఎల్స్‌బర్గ్ మరొక పని చేశాడు. 1958 తైవాన్ సంక్షోభంలో చైనా మీద అణ్వస్త్రాల ప్రయోగానికి అమెరికా సేనాధిపతులు ఎంత సన్నద్ధమయ్యారో తెలిపే పత్రాన్ని, వియత్నాం పత్రాలతో పాటే నకలు తీసి అర్ధ శతాబ్దం దాచుకున్నదాన్ని, న్యూయార్క్ టైమ్స్‌కు ఇచ్చాడు. అందులోని ఆ భాగాల మీద రహస్యముద్ర అప్పటికీ తొలగలేదు. కావాలంటే తన మీద అభియోగం మోపమని, ఆ చట్టం రాజ్యాంగబద్ధమో కాదో సుప్రీం కోర్టు దాకా తేల్చుకుంటానని బహిరంగంగా ప్రభుత్వాన్ని పిలిచాడు. ప్రభుత్వం పలకలేదు. 2023 జూన్ 16న కాలిఫోర్నియాలోని తన ఇంట్లో, క్లోమగ్రంథి క్యాన్సర్‌తో, ఏ అభియోగమూ లేకుండానే ఆయన కన్నుమూశాడు.