కస్తూరి: శాసనం నుండి సబ్బుబిళ్ల వరకు

వ్యాససంగ్రహం: ప్రాచీన తెలుగు ఆధారాలలోని సుగంధద్రవ్యాల పేర్లు వర్ణనకే పరిమితమైనవి కావు. సరుకును గుర్తించే వర్తకపు పేర్లు కూడా. కృత్రిమ కస్తూరి వచ్చాక ఆ గుర్తింపు ఎలా మరుగునపడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: కస్తూరి, మోటుపల్లి శాసనం, హరవిలాసం, మస్క్ జైలీన్, చిల్లకల్లు.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై, జగ్గయ్యపేటకు చేరువలో ఉన్న చిల్లకల్లు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు ఊరు (నేడు ఎన్.టి.ఆర్. జిల్లా). ఇటువంటి ఏ ఊరి దుకాణంలోనైనా సబ్బు అట్టను పరిశీలిస్తే, అందులోని వాసనద్రవ్యాలన్నింటికీ కలిపి సాధారణంగా 'పెర్ఫ్యూమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అనే ఒక్క మాటే కనిపిస్తుంది. కృష్ణకు ఆవలి తీరాంధ్రంలో మాత్రం ఏడువందల ఏళ్లకు పూర్వమే పరిమళాలను పేరుపేరునా నమోదు చేశారు.

2. సుంకపు పట్టీలో సుగంధాలు:

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనం విదేశీ వర్తకులకు రక్షణనిచ్చింది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని మాన్పించింది. సుంకాల పట్టీలో చందనం, పన్నీరు, జవ్వాది, కర్పూరతైలం వేర్వేరుగా ఉన్నాయి. కర్పూరంలో సైతం దేశీయం, చీనా అనే భేదం పాటించారు. పుట్టుక మారితే సరుకు మారుతుందన్న ఎరుక ఇందులో స్పష్టం.

3. కావ్యంలో వర్తకుడు:

మోటుపల్లి రేవు తరువాత కొండవీటి రెడ్డిరాజుల ఏలుబడిలోకి వచ్చింది. 1358లో అనపోతారెడ్డి అక్కడి వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. అతని కుమారుడు కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలు జరిపి 'కర్పూర వసంతరాయలు' అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. అందులో ఈ వర్తక కుటుంబం ఏ దేశం నుండి ఏ సరుకు తెప్పించిందో కూడా చెప్పాడు. ఆ భాగాన్ని కృతిపతి ప్రశంసగానే కాక వాణిజ్యచరిత్రకు ఆధారంగానూ చదవవలసి ఉంది.

4. కస్తూరి అనే పేరు:

కస్తూరి అసలు హిమాలయాల మగ కస్తూరిమృగం గ్రంథి నుండి లభించేది. అదే వాసన ఉన్న మొక్కలకూ తెలుగువారు ఆ పేరు పెట్టారు. అయితే కస్తూరి పసుపు, కస్తూరి బెండ అన్నప్పుడు ఉత్తరపదం అసలు వస్తువేమిటో చెబుతుంది. వాసనను పోల్చినా, వస్తువును దాచలేదు.

1888లో జర్మన్ రసాయనవేత్త ఆల్బర్ట్ బావర్ పేలుడు పదార్థాలపై పరిశోధిస్తుండగా కస్తూరి వాసన గల నైట్రో సమ్మేళనం బయటపడింది. ఆ వర్గానికే చెందిన మస్క్ జైలీన్ చౌకగా తయారవుతుంది కనుక సబ్బులలో, బట్టల పొడులలో విస్తరించింది. దీనివల్ల రాజభోగమైన పరిమళం సామాన్యుడికి అందింది. పరిమళం కోసం మృగాన్ని చంపే అవసరమూ తగ్గింది. ఈ మేలును విస్మరించరాదు.

కానీ ఈ పదార్థం నీటిలో త్వరగా విచ్ఛిన్నం కాదు, జీవుల కొవ్వులో పేరుకుంటుంది. 1981లో జపాన్‌లోని తామా నది చేపలలో దీని ఉనికిని పరిశోధకులు ప్రకటించారు. 2011లో ఐరోపా సమాఖ్య దీనిని ప్రత్యేక అనుమతి లేనిదే వాడరాని రసాయనాల జాబితాలో చేర్చింది. 1960లలో వచ్చిన గెలాక్సొలైడ్ వంటి మరో తరం కృత్రిమ కస్తూరులు దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. వాటి జాడలూ నదీజలాలలో బయటపడ్డాయి.

5. ముగింపు:

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వాడుకనీరు పాలేరు, మున్నేరుల వైపు, వాటి మీదుగా కృష్ణలోకి సాగుతుంది. ఆ నీటిలో ఏ పరిమళద్రవ్యాలు కలుస్తున్నాయో సబ్బు అట్ట చదివి తెలుసుకునే వీలు లేదు. సుంకం వసూలు కోసమే అయినా మోటుపల్లి శాసనం ప్రతి ద్రవ్యాన్నీ విడిగా పేర్కొంది. వాడుకరి ఆరోగ్యం, నది క్షేమం అంతకంటే తక్కువ కారణాలు కావు. 'కస్తూరి' పదానికి అర్థం చెప్పే ఆధునిక నిఘంటువులు మృగజం, ఓషధిజం, కృత్రిమం అనే మూడు అర్థాలనూ వేరుచేసి చూపడం అవసరం. శాసన, కావ్యాలలోని సుగంధనామాలను ఈ దృష్టితో సేకరించే పనిని తెలుగు శాఖలే చేపట్టవలసి ఉంది.