ఎత్తే ముక్క, వదిలే ముక్క

పండుగ సంచికలో పేకాట ముచ్చటేమిటని పెద్దలు కోపగించవచ్చును. మేము చెప్పబోయేది పందెం సంగతి కాదు, ఆట సంగతి. ఈ రెంటినీ ఒకటిగా కట్టడం వల్లనే మన ఇళ్లలో పేక అంటే పిల్లల కంటబడకుండా దాచవలసిన వస్తువైనది.

మన దేశంలో పేక పాతదే. 1527లో బాబరు సింధులోని షా హసనుకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్మృతులలో వ్రాసుకొన్నాడు. మొగలాయి పేకకు 8 రంగులు, 96 ముక్కలు. దశావతార పేకకు 10 రంగులు, 120 ముక్కలు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) కొత్త కొత్త పేకలను కల్పించాడు. సావంతవాడిలోను, మన నిర్మలలోను చిత్రకారులు వీటిని వ్రాశారు. మనముంటున్న ఈ ఒడిశాలో రఘురాజపురం చిత్రకారులు గంజపా ముక్కలను నేటికీ వ్రాస్తున్నారు.

అయితే గంజీఫాలో పేకంతా పంచివేస్తారు. చేతికి వచ్చినదానితోనే ఆడవలసి ఉంటుంది. రమ్మీ అట్లా కాదు. పదమూడు ముక్కలు పంచిన తర్వాతనే అసలు ఆట మొదలు. నడుమ మూసిన కట్ట, పక్కన తెరచిన ముక్క. ఏదో ఒకటి ఎత్తాలి, ఒకటి దించాలి. తెరచినదానిని ఎత్తితే మన చేతిలో ఏమి కడుతున్నామో నలుగురికీ తెలిసిపోతుంది. మూసినదానిని ఎత్తితే ఏమి వస్తుందో మనకే తెలియదు. మనకు పనికిరాదని దించిన ముక్కతోనే పక్కవారు ఆట ముగించవచ్చును. పంచినది అదృష్టం, ఏరుకొన్నది బుద్ధి. ఈ ఆటలోని రుచి అంతా ఇదే.

ఈ రుచినే పట్టుకొని 2010లో ఆంట్వాన్ బౌజా అనే ఫ్రెంచి ఆయన ‘సెవెన్ వండర్స్’ అనే ఆట చేశాడు. తలా ఏడు ముక్కలు పంచుతారు. అందులో ఒకటి ఉంచుకొని, మిగిలినవి పక్కవారికి అందించాలి. మనకేమి కావాలన్నదే కాదు, పక్కవారికి ఏమి పోతున్నదన్నదీ చూచుకోవాలి.

ఈ ఏరికను న్యాయస్థానం సైతం గుర్తించింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకోవడం, ఏది ఉంచాలో ఏది దించాలో తేల్చుకోవడం నేర్పుతో కూడిన పని గనుక రమ్మీ మూడు ముక్కలాట వంటి ఒట్టి అదృష్టపు ఆట కాదని 1967 నవంబరులో తీర్పు వచ్చింది. ఆ తీర్పులోనే మరొక మాట కలదు: పందెపు ఆట మీద క్లబ్బువాడు లాభం గుంజితే అది నేరం కావచ్చును.

మొదటి మాటను అందరూ పట్టుకొన్నారు, రెండవది మరచారు. ఆట ఫోనులోకి వచ్చి, రాత్రికి రాత్రి జీతాలు హరించుకుపోయాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైను పందెపు రమ్మీని నిషేధించాయి. 2025లో కేంద్రమే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

మా చిన్ననాట శివరాత్రి జాగారాలలో చింతపిక్కలే పందెం. ఓడినవారు పిక్కలు పోగొట్టుకొనేవారే గాని నిద్ర పోగొట్టుకొనేవారు కారు. ఈ ఉగాదికి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, గుప్పెడు చింతపిక్కలు పోసి, పేక కలపండి. ఏది ఎత్తాలో, ఏది వదలాలో మన ఎదుటనే నేర్చుకోనిండు.